పప్పుబావి, మొండిబావి

మార్కాపురం, గిద్దలూరు వైపు మీరు వెళ్ళి ఉండరనే అనుకుంటున్నాను. మా ఇంట్లో కూడా ఎవరూ వెళ్ళలేదనే అనుకునేదాన్ని. మాది రేపల్లె దగ్గర కాలవ గట్టు మీద ఊరు. మాకు మార్కాపురం అంటే పలక, అంతే. నన్ను బడిలో వేసిన రోజు నాన్న ఒక పలక తెచ్చిచ్చి, ఇది మార్కాపురం పలక, పగలగొట్టావంటే ఊరుకోను అని పదిసార్లు చెప్పాడు. వారం తిరక్కుండా పగలగొట్టాను. ఆ ఊరితో మా చుట్టరికం అక్కడితో సరి. అలాంటి దాన్ని మొన్న మూడు రోజులు ఒక్కదాన్నే ఆ వైపంతా తిరిగొచ్చాను. చూడదగ్గ గుళ్ళూ కొండలూ అక్కడ బోలెడున్నాయి. నేను చూసింది మాత్రం ఒక రాయి, రెండు బావులు, ఒక బస్సు.

ముందు నా గొడవ చెప్పాలి. నేను ఎమ్మెస్సీ జియాలజీ మొదటి సంవత్సరం. రాళ్ళ మీద ప్రేమతో చేరానని అనుకోకండి. నేనడిగింది కెమిస్ట్రీ, కౌన్సెలింగులో వచ్చింది ఇది. మార్కులు బాగానే వస్తున్నాయి గానీ, క్లాసులో కూర్చుంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళికి వెళ్ళినట్టుండేది. నాన్న స్కూలు బస్సు నడుపుతాడు. నా వాలకం కనిపెట్టి, హైదరాబాదులో తనకు తెలిసినాయన నడిపే సాఫ్ట్‌వేర్ కోర్సులో నాకు సీటు మాట్లాడి పెట్టాడు. ఆ కోర్సు మొదలయ్యేది సోమవారం. మా డిపార్ట్‌మెంటులో ప్రాజెక్టు టాపిక్ రాసివ్వాల్సిన ఆఖరు రోజు కూడా అదే సోమవారం. ఎటో ఒక వైపు తేల్చి ఆదివారం సాయంత్రానికి చెప్తానని నాన్నకి మాటిచ్చాను.

టాపిక్ రాయాల్సిన కాగితం తెల్లగా ఉంది. మా మేడమ్ దగ్గరికి వెళ్ళి మీరే ఏదో ఒకటి ఇచ్చెయ్యండి అన్నాను. ఆవిడ ఇవ్వలేదు. ఈ ఏడాదిలో పరీక్ష కోసం కాకుండా నీ అంతట నువ్వు అడిగిన ప్రశ్న ఒక్కటి చెప్పు అంది. నిలబడి ఆలోచిస్తూనే ఉన్నాను, ఒక్కటీ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి, పలక అంత సాపుగా ఎలా వస్తుంది మేడమ్, కోస్తారా, లేక రాయే అలా ఉంటుందా అన్నాను. అది పుస్తకంలో ఉందనీ చదువుకున్నాననీ నాకూ తెలుసు.

"పుస్తకంలో ఉన్నది నీకు సరిపోతే ఇప్పుడెందుకు అడుగుతావు? వెళ్ళి చూసిరా" అంది మేడమ్.

నా రూమ్మేట్ మల్లీశ్వరిది అర్ధవీడు మండలంలో ఒక పల్లె. తనకి పరీక్షలుండి రాలేకపోయింది గానీ, ఫోనులో నన్ను వాళ్ళమ్మకి అప్పగించింది. శుక్రవారం పొద్దున్నే గుంటూరులో రైలెక్కాను.

మార్కాపురం: తడిగోనె కింద

దిగీ దిగగానే మొదటి తెలివితక్కువ పని చేశాను. మార్కాపురం రోడ్డు అన్న బోర్డు చూసి దిగి, బజారు ఎటు అని అడిగితే టీ కొట్టాయన జాలిగా చూశాడు. ఊరు ఇక్కడ లేదు, ఆటో ఎక్కి పోవాల అన్నాడు. ఆయన టీ పది రూపాయలు. మా వైపు గ్లాసులో సగం ఉంటుంది, చిక్కదనం మాత్రం రెండింతలు. షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నామె ఒళ్ళో ఒక కోడిపుంజు ఉంది. దారి పొడవునా అది నన్నే అనుమానంగా చూసింది.

పలకల ఫ్యాక్టరీ అంటే పెద్ద గేటూ గొట్టాలూ ఊహించుకున్నాను. తీరా చూస్తే రేకుల షెడ్డు, చుట్టూ నల్లటి రాతి ముక్కల గుట్టలు. నన్ను ఎవరు పంపారని యజమాని మూడుసార్లు అడిగాడు. ఎవరూ పంపలేదు, చూద్దామని వచ్చానంటే ఆయనకి నమ్మకం కుదరలేదు. వీడియో తీసి ఎక్కడా పెట్టనని ఒట్టేసాక, ఆదిలక్ష్మక్క అనే ఆమె పక్కన కూర్చోమన్నాడు. ఆమెకి యాభై దాటి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఆ షెడ్డుల్లోనే రాయి చీల్చే పని.

"ఏం సదువుతాండావు పాపా?" అంది తలెత్తకుండానే.

రాళ్ళ గురించేనన్నాను. ఆమె ఉలి ఆపి నా మొహం చూసింది. రాళ్ళకి కూడా సదువు ఉండాదా, ఇన్నేండ్లు మాకెవురూ చెప్పలేదే అని పక్కవాళ్ళతో కలిసి చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

నన్నూ ఒకటి చీల్చనిమ్మని అడిగాను. ఎదురుగా గుట్టలో ఉన్న రాయి ఒకటి తీసుకుని, ఉలి ఆనించి, సుత్తితో కొట్టాను. అడ్డదిడ్డంగా ముక్కలైంది. మళ్ళీ కొట్టాను. ఇంకా చిన్న ముక్కలైంది. అక్క కాసేపు నా సంబడం చూసి, తన వెనక పరిచి ఉన్న తడిగోనె ఎత్తింది. దాని కింద చెమ్మగా మెరుస్తూ రాళ్ళున్నాయి. గనిలోంచి వచ్చిన రాయి ఆరిపోతే విడిపోదట. అందుకే చీల్చేదాకా గోనె కప్పి, గంటగంటకీ నీళ్ళు చల్లుతారు. ఇంట్లో ఎవరైనా ఆకుకూర అలా కప్పి పెట్టడం చూశాను గానీ, రాయిని కప్పడం నేనెక్కడా చూడలేదు.

తడిరాయి అంచున ఆమె పలచటి ఉలి ఆనించింది. టక్, టక్ మని రెండు మూడు చోట్ల తట్టింది. కొట్టినట్టు కూడా లేదు, పలకరించినట్టుంది. చెవి కొంచెం వంచి ఆ చప్పుడు విన్నది. ఇంకో చిన్న దెబ్బ. రాయి పుస్తకం తెరిచినట్టు రెండుగా విడిపోయింది. లోపలి ముఖం నున్నగా, నల్లగా, చెయ్యి వేస్తే చల్లగా ఉంది. ఆ ముఖాన్ని నాకూ ఆదిలక్ష్మక్కకీ ముందు ఈ లోకంలో ఎవరూ చూడలేదు కదా అని తట్టి ఒళ్ళు జలదరించింది. ఆమె రోజంతా అలాంటివి తెరుస్తూనే ఉంటుంది. నేను రెండు సెమిస్టర్లు చదివిన చదువులో ఇంత గొప్ప పని ఒక్కటీ చూడలేదు.

పొరలు భూమిలో చాపల్లా పరుచుకుని ఉంటాయా అని అడిగాను.

"పండుకోని ఉండదు పాపా, నిలబడుకోని ఉంటది. గనిలోకి దిగితే అగపడతాది. ఒక పక్క నీళ్ళు ఊరతా ఉంటాయి, ఆ పక్కనే ఎండిపోయి ఉంటది. నీళ్ళు పొర ఎంబడి పోతాయి గానీ పొర దాటి పోవు."

నోట్సులో రాసుకున్నాను. నిజం చెప్పొద్దూ, మాట్లాడుతున్నప్పుడు రాసుకోకపోతే బాగోదని రాసుకున్నాను. మధ్యాహ్నం ఆమె తన క్యారేజీలో కొర్రన్నం, పచ్చిపులుసు నాకు సగం పెట్టింది. బడి పలకలు ఇప్పుడు తక్కువేనట, ఎక్కువ రాయి గోడలకీ గచ్చులకీ పోతోందట. వచ్చేటప్పుడు చెక్క ఫ్రేము బిగించిన ఒక పలక, రెండు బలపాలు చేతిలో పెట్టింది. ఎంత అంటే కసిరింది. "పలగ్గొట్టగాకు" అని కూడా అంది. నాన్న గుర్తొచ్చాడు.

అర్ధవీడు వైపు: మూడు బిందెలు

బస్సులో కంభం, అక్కడి నుంచి ఆటో. దారిలో కంభం చెరువు కనిపిస్తే ఇదేం సముద్రమని నోరెళ్ళబెట్టాను. ఇన్ని నీళ్ళుండగా మన ముందు ఆ నీళ్ళ క్యాన్ల బండి ఎందుకు పోతోందని ఆటో అతన్ని అడిగాను. చెరువు నీళ్ళు చెరువువి, బోరు నీళ్ళు బోరువి అన్నాడు, ఇక అడగడానికేముంది అన్నట్టు.

పొద్దుగూకే వేళకి మల్లి వాళ్ళింటికి చేరాను. వాళ్ళమ్మ పేరు గురవమ్మ. నేను ఆంటీ అనగానే మొహం చిట్లించి, ఆంటీ ఏంది, పెద్దమ్మా అనమంది. మల్లి వాళ్ళ నాయన కాశయ్య అప్పుడే మందతో తిరిగొచ్చాడు. కాబట్టి ఆయన పెద్దనాయన. మా వైపు ఒక వరస కుదరడానికి తాతల పేర్లు తవ్వుతారు. ఇక్కడ గడప దాటేసరికి ఇద్దరు పెద్దవాళ్ళు నాకు వచ్చేశారు.

కూర్చోగానే పెద్దమ్మ నీళ్ళు తాగుతావా అని అడిగి ఊరుకోలేదు. ఏ నీళ్ళు తాగుతావు అంది. నేను తెల్లబోయాను. మాకు కాలవ ఉంది, కుళాయి ఉంది. నీళ్ళంటే నీళ్ళే. వాళ్ళింట్లో వసారా గోడవారన మూడు బిందెలు వరసగా ఉన్నాయి. క్యాను నీళ్ళు స్టీలు బిందెలో. ప్లాస్టిక్ బిందెలో ఇంటి పక్క బావి నీళ్ళు, వాడకానికి. ఇత్తడి బిందె మీద మాత్రం మూత, మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. అది దేనికని నేను అడగలేదు. ఇత్తడిది కాబట్టి దేవుడికేమో అనుకున్నాను.

శనివారం పొద్దున పెద్దమ్మ కందిపప్పు సత్తుగిన్నెలో పోసి, కట్టెల పొయ్యి రాజేసి, గొడ్లకి మేత వెయ్యడానికి దొడ్లోకి వెళ్ళింది. గ్యాసు పొయ్యీ కుక్కరూ ఉన్నాయి గానీ పప్పు మాత్రం కట్టెల మీదే. పరాయి ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చుంటే ఏం బాగుంటుందని, ప్లాస్టిక్ బిందెలోంచి చెంబుడు నీళ్ళు ముంచి గిన్నెలో పోసి పొయ్యి మీదకెక్కించాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అరగంటైంది, గంటైంది. నీళ్ళు తెర్లుతున్నాయి, పప్పు కదులుతోంది, మెత్తబడటం లేదు. గరిటెతో తీసి నొక్కితే గులకరాయి. నీళ్ళు మరిగిపోతే మళ్ళీ పోశాను, అదే బిందెలోంచి. పెద్దమ్మ వచ్చి గిన్నెలోకి చూసి, ప్లాస్టిక్ బిందె వైపు చూసి, నన్ను చూసింది. కొంప మునిగిందని నాకు అర్థమైంది గానీ ఎందుకు మునిగిందో తెలియలేదు.

"మొండిబావి నీళ్ళు పోసినావా పాపా? దాంట్లో పప్పు ఉడకదు. పొద్దుమూకులు కాసినా ఉడకదు."

పెద్దనాయన అప్పటికే కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. సంగతి విని, కృష్ణ నీళ్ళు తాగి పెరిగిన బిడ్డ గదా, నీళ్ళన్నీ ఒకటే అనుకునింది అన్నాడు. అందులో ఎగతాళి లేదు, ఉన్న మాట అన్నాడు. ఆ పూట అందరం సద్దరొట్టెలు, అంటే సజ్జ రొట్టెలు, పచ్చిమిరపకాయ కారంతో తిన్నాం. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. కారానికి కొంత, సిగ్గుకి కొంత. పెద్దమ్మ మాత్రం ఆ పప్పు నీళ్ళు వంచేసి, ఇత్తడి బిందెలోంచి కొత్త నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. రాత్రికి పనికొస్తుందిలే అంది.

ఇత్తడి బిందె దేవుడికి కాదు, పప్పుకి. ఆ నీళ్ళ బావిని పప్పుబావి అంటారు. పెద్దమ్మ రోజూ తెల్లవారే వెళ్ళి ఒక్క బిందె తెస్తుంది. కుక్కర్లో మొండినీళ్ళ పప్పూ ఎట్లనో ఉడుకుతుంది గానీ బద్దలు బద్దలుగా ఉండి మీ పెద్దనాయన తినడంది. వాళ్ళ చేలో పండిన కందులు వాళ్ళింటి పక్క బావి నీళ్ళలో ఉడకవు. ఈ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. కఠిన జలం గురించి డిగ్రీలో నాలుగు మార్కులకి రాసిందాన్ని నేను. కాల్షియం, మెగ్నీషియం అని రాసి, నాలుగుకి నాలుగూ తెచ్చుకుని, ఆ పేజీ అక్కడే వదిలేశాను. అది ఒకరింట్లో ప్లాస్టిక్ బిందెలో కూర్చుని ఉంటుందని నాకు ఒక్కరూ చెప్పలేదు.

రాతి తిప్ప: ఇటొకటి, అటొకటి

రెండు బావులూ చూపించమని పెద్దనాయన వెంట పడ్డాను. మందని మేపుకుంటూ చుట్టు తిరిగి వెళ్దామన్నాడు, గొర్రెల వెంబడి నడవడానికి నా చెప్పులు పనికిరావనీ ముందే చెప్పాడు. నేను వినలేదు. తుమ్మముల్లు మడమలో దిగాక విన్నాను. వెనక్కి వెళ్ళి పెద్దమ్మ చెప్పులేసుకుని కుంటుకుంటూ నడిచాను.

నడుస్తూ మా ఊరేదని అడిగాడు. రేపల్లె వైపు అన్నాను.

"ఆ వైపు మంద తోలుకోని వచ్చినానమ్మా, శానా ఏండ్లు. వరికోతలైనాక మీ చేలల్లోనే మంద నిలిపేవాళ్ళం. మీ కాలవ నీళ్ళల్లో పప్పు ఏసిందే ఆలిస్యం, ఉడికిపోయేది."

ఏటేటా కోతలయ్యాక మా ఊళ్ళో గొర్రెల మందలు దిగుతాయి. ఎరువు కోసం రైతులు వాళ్ళని పిలిచి చేలో నిలుపుకుంటారు. తలపాగాలు చుట్టుకున్న ఆ మనుషుల్ని బడికి పోతూ రోజూ చూసేదాన్ని. ఎక్కడి నుంచి వచ్చారో, ఏం తింటారో ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్ళు మాత్రం మా నీళ్ళని గుర్తు పెట్టుకున్నారు. అంత దూరం నుంచి వచ్చి, పొయ్యి మీద పప్పు చూసి, మా ఊరి గురించి నాకు తెలియని సంగతి తెలుసుకుని వెళ్ళారు.

బావులు రెంటికీ మధ్య దూరం కేకేస్తే వినపడేంత. మధ్యలో చిన్న రాతి తిప్ప. మొండిబావి దగ్గర పెద్దనాయన తన తువ్వాలు తడిపి సబ్బు రుద్దాడు. నురగ రాలేదు, జిడ్డుగా తెల్లటి తెట్టు తేలింది. తిప్ప ఎక్కి దిగి పప్పుబావి దగ్గర అదే తువ్వాలు, అదే సబ్బు. నురగ మోచేతి దాకా వచ్చింది. ఆయన నా వైపు తిరిగి, ఇప్పుడు చెప్పు, నువ్వు సదువుకున్నదానివి గదా, ఎందుకిట్ల అన్నాడు. నన్ను పరీక్షించడానికి కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

మళ్ళీ తిప్ప మీదకి వెళ్ళాను. చుట్టూ చూస్తే అక్కడి రాయి నల్లగా, పొరలు పొరలుగా, నిటారుగా నిలబడి ఉంది. శుక్రవారం నోట్సులో మొక్కుబడిగా రాసిన మాట దానంతట అదే గుర్తుకొచ్చింది. నీళ్ళు పొర వెంబడి పోతాయి గానీ పొర దాటి పోవు. ఈ నల్లరాయే గోడలా అడ్డం నిలబడితే, ఇటు నీళ్ళు ఇటే, అటు నీళ్ళు అటే. మరి ఇటు నీళ్ళలో ఏం కలుస్తోంది? మొండిబావి వైపు దిగి వెతికితే బూడిదరంగు రాయి ఒకటి, ఇంకో రకం, మట్టిలోంచి తొంగి చూస్తోంది. యాసిడ్ సీసా హాస్టల్లో ఉంది. నా దగ్గర ఉన్నది మజ్జిగలోకని పెద్దమ్మ ఇచ్చిన నిమ్మకాయ. రాయిని పొడికొట్టి, నిమ్మరసం పిండి, ఇద్దరం నేలకి వంగి చూశాం. సన్నగా, చాలా సన్నగా బుడగలు లేచాయి.

రాయి పొంగతాంది అని పెద్దనాయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఈ రకం రాయి నీళ్ళలో కొంచెం కొంచెంగా కరుగుతుందనీ, కరిగింది నీళ్ళలో ఉంటే పప్పు మెత్తబడదనీ చెప్పాను. మాట్లాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇన్నాళ్ళూ క్లాసులో ఒక్క వాక్యం కూడా ఇంత ఇష్టంగా పలికి ఎరగను. అంతలో ఆయన ఇంకో మాట అడిగాడు.

"అట్లయితే రేపు మేం బోరు ఏసుకుంటే ఏ పక్క ఏసుకోవాల? ఈ నల్లరాయి మా చేను కింద యాడి దాకా పోయింది?"

గాలి తీసినట్టు చప్పబడ్డాను. తెలియదన్నాను. ఎవరైనా తవ్వి చూసో, కొలిచో చెప్పాలి, నాకు అంత రాదన్నాను. పెద్దనాయన ఏమీ అనుకోలేదు. గొర్రెలు దూరం పోతున్నాయని లేచి, "సదివి చెప్పు. తొందరేం లేదు" అన్నాడు. నాకు మాత్రం గుండెలో ముల్లు దిగినంత పనైంది. సోమవారం నేను హైదరాబాదు వెళ్ళిపోతే ఆయనకి ఎవరు చెప్తారు?

రాత్రి భోజనంలోకి పొద్దున్నే వండిన పప్పు వచ్చింది. పప్పుబావి నీళ్ళు పోశాక ఎట్టకేలకి లొంగింది. ఆలస్యంగా ఉడికిన పప్పుకి చింతచిగురు ఇంకా బాగా పడుతుందని పెద్దమ్మ అంది. నన్ను ఊరడించడానికే అని ఉంటుంది. మూడుసార్లు వేయించుకుని తిన్నాను.

కంభం నుంచి గిద్దలూరు: బస్సులో పంచాయితీ

ఆదివారం తిరుగు రైలు గిద్దలూరులో ఎక్కుదామనుకున్నాను. ఆ దారి కూడా చూసినట్టు ఉంటుందని. పెద్దమ్మ రెండు సీసాల్లో రెండు బావుల నీళ్ళు పోసిచ్చింది. మొండినీళ్ళ సీసా మెడకి ఎర్రదారం కట్టింది. మళ్ళీ తప్పు చేస్తానని ఆమె భయం.

కంభంలో బస్సెక్కాను. ఆడవాళ్ళకి టికెట్టు లేదు కదా, బస్సు నిండా ఆడవాళ్ళే. పక్కనున్న అవ్వ ఎర్రదారం సీసా చూసి ఏ గుడి తీర్థమని అడిగింది. పప్పు ఉడకని నీళ్ళవ్వా అన్నాను. ఆమె వెంటనే, మా ఊళ్ళోనూ ఉడకదు అంది. ముందు సీటామె వెనక్కి తిరిగి, మా ఊళ్ళో బాగా ఉడుకుతాది అంది. నాకు ఒక్కసారిగా ఏదో తట్టి, సంచిలోంచి పలక తీశాను. రోడ్డుకి ఒక గీత గీసి, కంభం ఇక్కడ, గిద్దలూరు ఇక్కడ, మీ ఊరు ఎక్కడవ్వా అని అడిగాను.

ఇక చూడండి. బస్సు సగం నా చుట్టూ చేరింది. ఉడికే ఊరికి సున్నా, ఉడకని ఊరికి అడ్డగీత. మా ఊళ్ళో తూర్పు వీధిలో ఉడుకుతాది, పడమటి వీధిలో ఉడకదు అని ఒకామె చెబితే, అబద్ధం, మా మేనత్త పడమటి వీధే అని ఇంకొకామె. అవ్వ ఉమ్ముతో బొటనవేలు తడిపి, నేను గీసిన ఊరు చెరిపేసి, ఆ పక్క కాదు, ఈ పక్క అని బలపం లాక్కుని తనే గీసింది. పిల్లనిచ్చే ముందు ఏ బావి నీళ్ళని అడిగేవాళ్ళమని మరొకామె చెప్పింది. ఆ మాటతో ఉడకని ఊళ్ళ వాళ్ళు ఉలిక్కిపడి, మా ఊరి పేరు యాడా రాయొద్దు, సంబంధాలు చెడిపోతాయని నాతో ఒట్టేయించుకున్నారు. అందుకే ఇక్కడ ఒక్క ఊరి పేరూ రాయడం లేదు, మన్నించాలి.

కండక్టరు కూడా వచ్చి పలక చూసి, మా ఊరిది సున్నా, గట్టిగా పెట్టు అని వెళ్ళాడు. వీళ్ళెవరూ ఈ చదువు చదవలేదు. ఏ నేల కింద ఏముందో ఒక్కో వంటింట్లో ఒక్కో ముక్క ఉంది. ఎవరూ వచ్చి అడగలేదు, అంతే. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళి గురించి చెప్పాను కదా. ఆ బస్సులో నాకు ఆ ఊసే లేదు.

గిద్దలూరులో అందరూ దిగి ఎటు వాళ్ళటు వెళ్ళిపోయాక పలక ఒళ్ళో పెట్టుకుని చూశాను. సున్నాలు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉన్నాయి. అడ్డగీతలు మాత్రం, అన్నీ కాదు గానీ చాలా వరకు, ఏటవాలుగా ఒకే వరసలో పడ్డాయి. కావాలని చూస్తే అలా కనిపిస్తుందేమో, తెలియదు. కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచి చూశాను. వరస అలాగే ఉంది. చెరిగిపోకముందే ఫొటో తీసుకున్నాను.

గిద్దలూరు: రైలు వచ్చేలోగా

స్టేషన్‌కి పోయే ముందు ఒక హోటల్లో ఉగ్గాణి, బజ్జీ తిన్నాను. మా మరమరాలే ఇక్కడ బొరుగులు. నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాణి ప్లేటు, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు, ముప్పై అయిదు రూపాయలు. ఇలాంటిది మా రేపల్లెలో ఎందుకు లేదని కోపం వచ్చింది.

ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చున్నాను. ఎండ తగ్గుతోంది. ఇచ్చిన మాట ప్రకారం నాన్నకి ఫోన్ చేయాలి. ఏం చెప్పాలో మూడుసార్లు మనసులో అనుకుని, నాలుగోసారి చేశాను. ఆయన ఎత్తగానే, రేపు ఏ బస్సుకి వెళ్తావు, హైదరాబాదు టికెట్టు చూడనా అన్నాడు. అనుకున్నదంతా మర్చిపోయి, నాన్నా, ఇక్కడ పప్పు ఉడకదు అన్నాను.

ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగుందని చెప్పి, ప్లాస్టిక్ బిందె దగ్గర్నుంచి అవ్వ బొటనవేలి దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. కోపమొచ్చి ఉంటుందనుకున్నాను. వెనక నుంచి అమ్మ, ఏ పప్పూ, కందిపప్పేనా అని అడగడం వినిపించింది.

"రేడియేటర్లో కూడా అంతే" అన్నాడు నాన్న.

నాకు అర్థం కాలేదు.

"నిన్ను బడిలో వేసేదాకా లారీ మీదే ఉన్నానుగా. మార్కాపురం రాయి లోడుకి తిరిగేవాళ్ళం. అక్కడ ఒక బావిలో నీళ్ళు పోస్తే ఇంజను చల్లగా ఉండేది. రెండు కిలోమీటర్లు పోయి ఇంకో చోట పోస్తే కొన్నాళ్ళకే రేడియేటర్ లోపల తెల్లగా పేరుకుని పొగలు కక్కేది. పెద్ద డ్రైవర్లు ఎక్కడ పోయాలో, ఎక్కడ పోయకూడదో చెప్పేవాళ్ళు. ఎందుకో వాళ్ళకీ తెలీదు."

"నువ్వు ఇక్కడికి వచ్చావా? ఎప్పుడూ చెప్పలేదే నాన్నా."

"నువ్వెప్పుడు అడిగావు?" అన్నాడు. తర్వాత కొంచెం నవ్వి, "నీ పలక ఎక్కడిదనుకున్నావు?" అన్నాడు.

సంచిలో ఉన్న పలకని తడిమి చూసుకున్నాను. కళ్ళు నిండిపోయాయి. రైలు వస్తోందని మైకులో చెప్తున్నారు. నాన్న గొంతు తగ్గించి, ఇందాక పెద్ద డ్రైవర్ల సంగతి చెప్పినప్పటి గొంతుతోనే, మరి ఆ రాయి తిప్పకి అవతల నీళ్ళు ఎందుకు బాగుంటాయి, అది ఎక్కడిదాకా పోయింది అని అడిగాడు. నిన్న పెద్దనాయనకి చెప్పిందే చెప్పాను. తెలీదు నాన్నా అన్నాను.

"తెలుసుకోకుండానే ఆ చదువు వదిలేస్తావా మరి?" అన్నాడు.

వదలడం లేదన్నాను. సరే అని, నీళ్ళ సీసాలు జాగ్రత్త, మూతలు గట్టిగా పెట్టు అని ఫోన్ పెట్టేశాడు. రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని, సంచిలోంచి తెల్లకాగితం తీసి, పలక కింద పెట్టుకుని టాపిక్ రాశాను. మేడమ్ తర్వాత దాన్ని చదువుకున్నవాళ్ళ భాషలోకి మార్చింది. నేను రాసింది మాత్రం ఇది: ఈ బావిలో పప్పు ఎందుకు ఉడకదు, బోరు ఏ పక్క వెయ్యాలి.